సమస్య కాళ్లలో ఉంటే మెడకు స్కానింగ్ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు 56 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. నాలుగు నెలలుగా కాళ్లు తిమ్మిర్లు. కింద కూర్చుంటే ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోతున్నారు. నరాలకు కరెంటు పరీక్ష చేసి ‘సీఐడీపీ కావచ్చు, ఖాయంగా చెప్పలేం’ అన్నారు. ఇప్పుడు మెడకు, చేతులకు అల్ట్రాసౌండ్ రాశారు. బాధ కాళ్లలో అయితే అక్కడెందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సలహా: అనవసరపు పరీక్షేమోనని టెన్షన్ పడకండి, సరైనదే రాశారు. షుగర్ వల్ల వచ్చే తిమ్మిర్లు సాధారణంగా అరికాళ్లలో మొదలై ఏళ్ల తరబడి మెల్లగా పైకి పాకుతాయి. నాలుగు నెలల్లోనే లేవలేని స్థితి రావడం దాని తీరు కాదు. అందుకే మీ డాక్టర్‌కు సీఐడీపీ అనే దీర్ఘకాలిక నరాల జబ్బు అనుమానం వచ్చి ఉంటుంది. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. పొర పాడవడం, మళ్లీ కట్టుకోవడం పదే పదే జరిగి నరం లావెక్కుతుంది. ఆ వాపు ఎక్కువగా మెడలోని నరాల మొదళ్లలో, భుజానికీ మోచేతికీ మధ్య కనిపిస్తుంది. చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటిని కొలవడమూ తేలికే.

జెల్ రాసి, ప్రోబ్‌ను చేతి పొడవునా జరుపుతూ మీడియన్ నరం (మెడ నుంచి చేతి మధ్యగా అరచేతిలోకి వెళ్లే నరం) అడ్డుకోత వైశాల్యం, అంటే నరం ఎంత లావుందో కొలుస్తారు. 2021 నాటి యూరప్ మార్గదర్శకాల ప్రకారం ముంజేతిలో 10, పై చేతిలో 13 చదరపు మిల్లీమీటర్లు దాటితే అది సీఐడీపీకి బలమిచ్చే ఆధారం. మణికట్టు దగ్గరి కొలతను మాత్రం లెక్కలోకి తీసుకోరు. ఇరుకులో నలిగినా నరం అక్కడ ఉబ్బుతుంది, షుగర్ ఉన్నవాళ్లలో ఇది మామూలే.

అయితే నరం లావుగా ఉన్నంత మాత్రాన సీఐడీపీ అని రాసేయడానికి లేదు. వంశపారంపర్య నరాల జబ్బుల్లోనూ, కుష్ఠువ్యాధిలోనూ నరాలు లావెక్కుతాయి. మన దేశంలో ఈ రెండోదాన్ని మరిచిపోకూడదు. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలుంటే తప్పక చెప్పండి. స్కాన్ మామూలుగా వచ్చినా అనుమానం పూర్తిగా పోదు. అప్పుడు వెన్ను నీటి పరీక్ష అవసరం కావచ్చు.

ఇంత తంటా ఎందుకంటే సీఐడీపీకి ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను సెలైన్‌లా ఎక్కించడం), స్టెరాయిడ్, ప్లాస్మా మార్పిడి వంటి మంచి చికిత్సలున్నాయి. ఆలస్యమైతే పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది, సొంతంగా మొదలుపెట్టవద్దు.

ఈ స్కాన్‌కు పరగడుపున వెళ్లక్కర్లేదు. సూది లేదు, రేడియేషన్ లేదు. నరాల స్కాన్‌లో అనుభవం ఉన్నవారి దగ్గరే చేయించండి, కరెంటు పరీక్ష రిపోర్టు వెంట తీసుకెళ్లండి. ఈలోగా మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా, బలహీనత ఒక్కసారిగా పెరిగినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.