మారిషస్‌కు 1968లోనే స్వాతంత్ర్యం వచ్చింది కదా, హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల వివాదం ఇంకా ఎందుకు నడుస్తోంది?

హైదరాబాద్‌లో లా చదివే పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్నే ఇది. కిటుకంతా తేదీల్లో ఉంది. స్వాతంత్ర్యం 1968 మార్చిలో వచ్చింది. అంతకు ముందే, 1965 నవంబరులో, బ్రిటన్ చాగోస్‌ను మారిషస్ నుంచి విడదీసి వేరే వలసగా మార్చేసింది. వలసలకు విముక్తి ఇచ్చేటప్పుడు వాటి భూభాగాన్ని ముక్కలు చేయకూడదని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1960లోనే తీర్మానించింది.

మారిషస్ నాయకులు ఒప్పుకున్నారు కదా అన్నది బ్రిటన్ వాదన. నా దృష్టిలో అది నిలవదు. ఇంకా ఎదుటివాడి పాలనలోనే ఉన్నవాళ్లు ఇచ్చిన సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదెలా అవుతుంది? అంతర్జాతీయ న్యాయస్థానం కూడా 2019 ఫిబ్రవరిలో ఇదే చెప్పింది. వలస విముక్తి చట్టబద్ధంగా పూర్తికాలేదని 13-1తో తేల్చింది. కాకపోతే అది సలహాపూర్వక అభిప్రాయం, కట్టుబడి తీరాల్సిన తీర్పు కాదు.

అసలు అన్యాయం జరిగింది దీవుల జనానికి. చాగోస్‌లో అన్నిటికన్నా పెద్ద దీవైన డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1973 కల్లా అందర్నీ ఖాళీ చేయించారు. వాళ్లు పెంచుకున్న కుక్కల్ని కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో పొగపెట్టి చంపారు. 2025 మేలో బ్రిటన్, మారిషస్ మధ్య సంతకాలైన ఒప్పందం సార్వభౌమత్వం మారిషస్‌దేనంటుంది గానీ, డీగో గార్సియాను మాత్రం 99 ఏళ్లపాటు బ్రిటన్ చేతిలోనే ఉంచుతుంది. మిగతా దీవుల్లో మళ్లీ జనాన్ని స్థిరపరచే వీలు అందులో ఉంది, డీగో గార్సియాలో లేదు.