ఖాళీ ఫారాల మీద సంతకం ఎవరిది?

ప్రశ్న: నాకు 17 ఏళ్ల 4 నెలలు. మా వీధి చివరింట్లో టార్పాలిన్ కింద 1994 నాటి టాటా ఎస్టేట్ కారు ఉంది. ఐదో తరగతి నుంచి ఆ బండంటే ప్రాణం. ఓనరు తాతగారు రెండేళ్ల కిందట పోయారు. వాళ్లబ్బాయి 90 వేలకు ఇస్తానంటే, సెలవుల్లో పనిచేసి దాచుకున్న 40 వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఇప్పుడు ఇంకెవరో ఎక్కువకు అడుగుతున్నారట. వారంలో మిగతాది కట్టి ఖాళీ ఫారాలతో బండి తీసుకుపో, 18 నిండాక పేరు మార్చుకో, లేదంటే అడ్వాన్సు పోయినట్టే అంటున్నారు. కోర్టు ద్వారా బండి ఇప్పించుకోవచ్చా?

జవాబు: బాబూ, నాలుగు పేజీల ఉత్తరంలో వెనక తలుపు ఎత్తినప్పుడు వచ్చే చప్పుడు దాకా రాశావు. కేసును తేల్చేది మాత్రం మొదటి వాక్యమే, నీ వయసు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు, తేల్చింది. ఇప్పటికీ అదే చెల్లుబాటు. కాబట్టి బండి ఇప్పించమని దావా వేస్తే నిలవదు. 18 నిండాక పాత కాగితాన్ని ఖాయం చేసుకుంటానన్నా కుదరదు, కొత్తగా రాసుకోవాల్సిందే.

అయితే ఒప్పందమే చెల్లనప్పుడు అందులో ఆయన పెట్టిన వారం గడువు ఎక్కడ చెల్లుతుంది? బండి ఇవ్వకుండా నీ 40 వేలు ఉంచుకునే హక్కు ఆయనకు లేదు. మామూలుగా ఇలాంటి దావాకు గడువు మూడేళ్లు. మైనరువి కనుక దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ కింద నీకు 18 నిండిన రోజు నుంచి ఆ లెక్క మొదలవుతుంది. గడువు ఆగుతుంది గానీ సాక్ష్యం ఆగదు.

ఇక నీ సాక్ష్యం సంగతి. నీ దగ్గరున్న రసీదు నోటుబుక్కు చింపిన కాగితం, దాని మీద పొట్టి సంతకం. తేదీ లేదు, బండి నంబరు లేదు. చదివింపుల పుస్తకంలో 116 రూపాయలకైనా పేరూ ఊరూ రాసుకుంటాం కదయ్యా! 15 వేలు నగదుగా ఇచ్చావు, సాక్షి లేడు. మిగతా 25 వేలు అమ్మ ఫోన్ నుంచి వెళ్లాయి కాబట్టి బతికిపోయావు. అది పాత బాకీ అని ఆయన మాట తిప్పొచ్చు. అందుకే ‘బండి అడ్వాన్సు 40 వేలు ముట్టాయి’ అంటూ ఆయన పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజే నీ కేసుకు ప్రాణం. దాన్ని చెరపొద్దు, ఆ ఫోన్ అమ్మొద్దు. కోర్టులో దానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

ఖాళీ ఫారాల జోలికి మాత్రం పోకు. బండి పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకం పెట్టాల్సింది ఆర్‌సీలో పేరున్న మనిషి. ఆయన పోయి రెండేళ్లయింది. మరి ఆ సంతకం ఎవరు పెడతారు? ఎవరు పెట్టినా అది ఫోర్జరీ. ఆ కాగితాలతో బండి నీ దగ్గర దొరికితే ముందు ప్రశ్నలు నీకే. పైగా నువ్వు నడుపుతూ పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. నీకు 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ఎనిమిది నెలలు ఆగలేక ఏడేళ్లు పోగొట్టుకుంటావా? పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ నంబరు వస్తుందని ఎవరో చెప్పిన మాట కూడా మర్చిపో. దానికి 50 ఏళ్లు నిండాలి, అంటే 2044.

ముందు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని డబ్బు తిరిగిమ్మని రాతపూర్వకంగా అడుగు. కదలకపోతే లాయర్ నోటీసు, రసీదుతో స్పీడ్ పోస్టులో. అప్పటికీ కాకపోతే మండల న్యాయసేవల కమిటీకి వెళ్లు. మైనరుకు ఉచిత న్యాయసహాయం హక్కు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టొచ్చు. దావానే వేయాలంటే నీ తరఫున పెద్దవాళ్లెవరైనా వేయాలి.

బండి మీద మోజు తీరకపోతే ముందు వారసులందరి సమ్మతితో, ఓనరు పోయాక పేరు మార్పుకు వాడే ఫారం 31 పెట్టి వాళ్లబ్బాయి ఆర్‌సీ తన పేరుకు మార్చుకోనీ. ఆ తర్వాత మీ అమ్మ పేరున కొనండి. 15 ఏళ్లు దాటిన బండి కదా, రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఎప్పటిదాకా ఉందో చూడండి. టార్పాలిన్ తీయించి, ఛాసిస్ మీద కొట్టిన నంబరు ఆర్‌సీతో అంకె అంకె సరిచూశాకే మిగతా డబ్బు.