ఆటోక్లేవ్‌లోంచి పౌచ్‌లు తడిగా వస్తుంటే

దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా డెంటల్ క్లినిక్ పెట్టిన డాక్టర్ గారు అడిగారు: నిలువు ఆటోక్లేవ్‌ (పరికరాల మీది క్రిముల్ని ఆవిరి వేడితో చంపే మెషీన్) లోంచి పౌచ్‌లు (పరికరాలు పెట్టి సీల్ చేసే కాగితం-ప్లాస్టిక్ కవర్లు) తడిగా వస్తున్నాయి, ఆరబెట్టి వాడుకోవచ్చా, ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి అని.

ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఓటీలోనూ, తర్వాత పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగమైన సీఎస్‌ఎస్‌డీలోనూ ఏళ్లపాటు పనిచేసిన నర్సుని. తడి పౌచ్ స్టెరైల్ (క్రిమిరహితం) కానట్టే లెక్క డాక్టర్ గారూ. ఫ్యాను కింద ఆరబెట్టినా లాభం లేదు, తడిసిన కాగితంలోంచి బయటి క్రిములు లోపలికి దిగిపోతాయి. కొత్త పౌచ్‌లో పెట్టి మళ్లీ సైకిల్ వేయాల్సిందే.

ఎక్కువసార్లు తప్పు మెషీన్‌ది కాదు, సర్దడంలోనే ఉంటుంది. పౌచ్‌లను దోసెల దొంతరలా పేర్చేస్తారు. నిలబెట్టి, మధ్యలో సందు వదలండి. ప్రెషర్ సున్నాకి వచ్చాక మూత కొద్దిగా తెరిచి, ఇంకో 15-20 నిమిషాలు లోపలే ఉంచండి. వేడిగా తీసి గ్రానైట్ గట్టు మీద పెట్టారో, అడుగున చెమట పడుతుంది. మన బోరు నీళ్లు మాత్రం వద్దు, హీటర్ కాయిల్‌కి తెల్లగా పెచ్చు కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెప్పించుకోండి.

అసలు టెన్షన్ పడాల్సింది మెషీన్ లోపల మిగిలిపోయే గాలి గురించి. మీటర్ 15 పౌండ్ల ప్రెషర్ చూపిస్తుంది, లోపల సగం గాలే ఉంటే వేడి 121 డిగ్రీలు రాదు, 112 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఆవిరి ధారగా, ఆగకుండా వచ్చేదాకా వాల్వ్ మూయొద్దు. టైమ్ లెక్క 121 చేరాకే మొదలవుతుంది.

పౌచ్‌కి అంటించే ఇండికేటర్ టేపు మీద గీతలు నల్లబడితే అయిపోయిందనుకుంటారు చాలామంది. పౌచ్‌కి వేడి తగిలిందని మాత్రమే దానర్థం. లోడు (ఒక సైకిల్‌లో వేసే పౌచ్‌లన్నీ కలిపి) పెట్టే ముందు ఆర్టరీ ఫోర్సెప్స్ లాక్ తీసి చూడండి. దాని పళ్ల మధ్య ఎండిన రక్తం గోధుమరంగులో కనిపిస్తే బ్రష్‌తో కడిగాకే పౌచ్‌లో పెట్టాలి. మురికి కింద ఉన్న క్రిమికి ఆవిరి తగలదు.

నిల్వకి ఇన్ని రోజులనే గీత ఏమీ లేదు. సీల్ ఊడకుండా, చిరగకుండా, పొడిగా ఉన్నంతవరకు పనికొస్తుంది. పౌచ్ కంపెనీ గడువు రాస్తే అది దాటనివ్వొద్దు. మూసిన అల్మారాలో, నేలకి కనీసం 20 సెంటీమీటర్ల పైన పెట్టండి. సింక్ కింద అరలో అసలే వద్దు. వానాకాలం చెమ్మెక్కే గోడకి ఆనించొద్దు. పాతవి ముందుకి, కొత్తవి వెనక్కి. తేదీ, లోడు నంబరు కాగితం వైపు కాకుండా ప్లాస్టిక్ వైపు రాయండి.

వారానికోసారి స్పోర్ టెస్ట్ (మొండి క్రిములు నిజంగా చచ్చాయో లేదో చూసే పరీక్ష) కూడా పెట్టండి, దానికి కావాల్సిన ఇండికేటర్ల కోసం కోఠి సర్జికల్ షాపుల్లో అడగండి. పాజిటివ్ వస్తే, అంటే క్రిములు బతికే ఉంటే, మెషీన్ ఆపేసి, అంతకుముందు నెగటివ్ వచ్చిన టెస్ట్ తర్వాత వేసిన లోడ్లన్నీ అల్మారాలోంచి వెనక్కి తీయాలి. నంబరు రాయకపోతే ఏది ఏ లోడో తేలక అల్మారా మొత్తం ఖాళీ చేయాల్సొస్తుంది.