వెయిటింగ్ హాలు దగ్గరే జాగ్రత్త పడాలి

"కోవిడ్ లాంటిది మళ్లీ వస్తే, షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లను క్లినిక్‌కి ఎలా తీసుకెళ్లాలి? అసలు వెళ్లకపోవడమే మంచిదా?" అని అడిగారు. 2021 వేసవిలో, సెకండ్ వేవ్ ముదిరి ఉన్న రోజుల్లో, మా నాన్నను కాలి పుండు కోసం సత్తెనపల్లి దగ్గర మా ఊరి నుంచి గుంటూరుకు తిప్పాను. దాన్నిబట్టి చెబుతున్నాను. అవసరం ఉంటే తప్పకుండా వెళ్లండి. ఎక్కువ భయపడాల్సింది డాక్టర్ గది గురించి కాదు, పదిమందితో కలిసి కూర్చునే వెయిటింగ్ హాలు గురించి.

కోవిడ్ ముఖ్యంగా గాలి ద్వారా వస్తుంది. జబ్బున్న మనిషి దగ్గినా, మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా సన్నటి తుంపరలు బయటికి వస్తాయి. తలుపులు మూసిన గదిలో అవి చాలాసేపు గాలిలోనే తేలుతుంటాయి. క్లినిక్‌లలో మామూలుగా ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. గుమ్మం దగ్గర నుదుటికి పెట్టే థర్మామీటర్ జ్వరం ఉన్నవాళ్లనే పట్టుకుంటుంది. జ్వరం రాకముందు కూడా ఆ మనిషి నుంచి జబ్బు అంటుకోవచ్చు.

అప్పట్లో ఆంధ్రలో మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు మినహాయింపు ఉన్నా, తర్వాత బస్సులు దొరకవని జనమంతా పొద్దున్నే వచ్చేసేవాళ్లు. కుర్చీలు నిండి మెట్ల మీద కూడా కూర్చునేవాళ్లు. అందుకే ముందు రోజే కాంపౌండర్‌కి ఫోన్ చేసి, "బాబూ, నాన్నగారికి షుగర్ ఉంది, మేం బయట ఆటోలోనే ఉంటాం, మా నంబర్ దగ్గరపడగానే ఒక ఫోన్ చేయండి" అని అడిగాను. అతను వెంటనే సరేనన్నాడు. ఇంకో చోట మాత్రం, "లోపల కూర్చుంటేనే పిలుస్తాం" అన్నారు. అక్కడ నాన్నను వేపచెట్టు కింద కూర్చోబెట్టి, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలే ఉండక తప్పకపోతే ఏసీ కిందకన్నా కిటికీ పక్కన కూర్చోండి, కిటికీ తెరవమని మర్యాదగా అడగండి. మీకే జ్వరం, దగ్గు ఉంటే మాత్రం ఆ సంగతి ఫోన్‌లో ముందే చెప్పి, ఎప్పుడు, ఎటు నుంచి రావాలో కనుక్కుని వెళ్లండి.

వెంట ఒక్కరే వెళ్లాలి, అదీ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న చిన్నవాళ్లు. మనవైపు ఒక్క పేషెంట్‌తో ముగ్గురు వస్తారు. అది ప్రేమే, కానీ ఆ హాల్లో అందరికీ ప్రమాదం.

షుగర్ వాళ్ల విషయంలో చాలామంది పట్టించుకోనిది తిండి. ఫాస్టింగ్ టెస్ట్ కోసం పరగడుపున వచ్చి, రక్తం ఇచ్చి, మళ్లీ తినడానికి హాల్లోనే మాస్క్ తీస్తారు. ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ ఉంటే ముందు రోజే ఆ పని అయిపోతుంది. లేకపోతే ఇడ్లీనో, అరటిపండో వెంట తీసుకెళ్లి బయట గాలిలో తినిపించండి. మాత్ర వేసుకుని తినకుండా గంటలు గంటలు ఎదురుచూస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరగవచ్చు.

మాస్క్ అంటే ముక్కు దగ్గర, బుగ్గల దగ్గర గాలి పోకుండా అతుక్కున్న ఎన్95. వాల్వ్ ఉన్నది వద్దు, మనం వదిలే ఊపిరి అందులోంచి నేరుగా బయటికి పోతుంది. నాన్నకు చెవులు సరిగా వినబడవు, ఎవరైనా అడిగితే మాస్క్ కిందికి లాగి గట్టిగా మాట్లాడతారు. అందుకని పుండు ఎప్పుడు మొదలైంది, ఇంట్లో చూసిన షుగర్ రీడింగులు, వాడుతున్న మాత్రల పేర్లు అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. డాక్టర్ గారు దాన్ని చూసి రెండు ప్రశ్నలే వేశారు. లోపల ఉండే సమయం తగ్గింది, చెప్పడం మర్చిపోయిందీ లేదు.

కట్టు మార్చుకున్నాక ప్రతిసారీ వెళ్లనక్కర్లేదు. ఫోన్‌లో, వీడియోలో చూసి మందులు రాసే పద్ధతికి 2020 మార్చి 25నే కేంద్రం నియమాలు తెచ్చింది. మేం మధ్యలో పుండు ఫొటోలు వాట్సాప్‌లో పంపి సలహా తీసుకున్నాం. కానీ ఫొటోతో సరిపెట్టుకోకూడనివి ఉన్నాయి: పుండు నల్లబడటం, వాసన, చీము, ఎరుపు పైకి పాకడం, జ్వరం. షుగర్ వాళ్లకు పాదంలో స్పర్శ తగ్గిపోయి నొప్పి తెలియదు కాబట్టి, "నొప్పి లేదుగా, కరోనా తగ్గాక చూద్దాం" అనే మాట వినకండి. కాలు పోయేదాకా వస్తుంది. ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా ఇక ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

వచ్చేటప్పుడు కారైతే అద్దాలు దించండి, ఆటో ఎటూ గాలాడుతుంది. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. మందుల అట్టలను శానిటైజర్‌తో తుడిచే శ్రమ కంటే మంచి మాస్క్ కొనడం మేలు. జబ్బు అంటుకుంటే లక్షణాలు చాలామందిలో అయిదారు రోజులకు బయటపడతాయి, పద్నాలుగు రోజుల దాకా కూడా పట్టవచ్చు. ఆ పద్నాలుగు రోజులూ, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్‌తో చూస్తూ ఉండండి. గోళ్లకు రంగు, గోరింటాకు ఉంటే రీడింగ్ తప్పు రావచ్చు. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే డాక్టర్‌కి వెంటనే చెప్పండి.