మొదటి టెండర్ వేస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టెండర్ల పని నీకు అప్పగించారని, మొదటి ఎస్టిమేట్ మొదలుపెట్టావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. గడువు దగ్గరపడుతోందని టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పాడు. ఫోన్‌లో పైపైన చెబితే గుర్తుండదు, అందుకే పక్కన పెట్టుకుని చూసుకునేలా రాస్తున్నాను.

ముందు ఒక్క పట్టింపు పెట్టుకో. నువ్వు కాగితం మీద పెట్టే ప్రతి అంకెనూ "ఇది ఎక్కడినుంచి వచ్చింది?" అని ఎవరైనా అడుగుతారు. మీ డైరెక్టర్ అడగొచ్చు, ఆర్నెల్ల తర్వాత సైట్ ఇంజనీరు అడగొచ్చు. అప్పుడు నీ జ్ఞాపకం మీద ఆధారపడకుండా కాగితమే జవాబు చెప్పాలి. నేను కింద రాసేవన్నీ దానికోసమే.

కొలతలు మొదలుపెట్టే ముందు పత్రాలన్నీ చదువు. డ్రాయింగులు ఎవరైనా చూస్తారు. షరతులు, స్పెసిఫికేషన్, ఐటమ్‌ల పట్టికకు ముందుండే సాధారణ సూచనలు చదివేవాళ్ళు తక్కువ. డబ్బు జారిపోయేది అక్కడే. తవ్వకం రేటులోనే నీళ్ళు తోడటం, పక్క మట్టి కూలకుండా దన్నులు పెట్టడం, మిగిలిన మట్టి బయటికి తరలించడం కలిసి ఉన్నాయా, వాటికి వేరే ఐటమ్‌లు ఉన్నాయా అన్నది ఆ సూచనల్లోనే తేలుతుంది.

ఏ పద్ధతిలో కొలుస్తారో కూడా అక్కడే రాసి ఉంటుంది. మన దేశంలో ఐఎస్ 1200, బ్రిటన్‌లో ఎన్‌ఆర్‌ఎం 2, ఇలా ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఐఎస్ 1200 ప్రకారం ప్లాస్టరింగ్‌లో 0.5 చదరపు మీటరు లోపు ఖాళీలకు తీసివేత ఉండదు. 0.5 నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక్క వైపే తీసేస్తారు, రెండోవైపుది కిటికీ అంచుల ప్లాస్టరింగ్‌కి సరిపెడతారు. కాబట్టి 1.2 మీటర్లకు 1.5 మీటర్ల కిటికీ ఉంటే, 1.8 చదరపు మీటర్లు ఒక్కసారే తీసెయ్యాలి. ఈ నియమం తెలియకుండా రెండువైపులా తీసేస్తే, కిటికీలు ఎక్కువున్న భవనంలో ఎంత తేడా వస్తుందో నువ్వే లెక్కవేసి చూడు.

తవ్వకం గురించి కాస్త ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు దీన్ని తేలిక ఐటమ్ అనుకుంటారు. 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు పునాది గుంట తీసుకో. డ్రాయింగ్ కొలతల ప్రకారం 6 క్యూబిక్ మీటర్లు. లోపల మనిషి నిలబడి సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోసే అచ్చు, కట్టాలంటే నాలుగువైపులా కనీసం 0.3 మీటరు చోటు కావాలి. అప్పుడు గుంట 2.6కి 2.6 అవుతుంది, తవ్వేది 10.14 క్యూబిక్ మీటర్లు. పునాది కొలతకే బిల్లు ఇస్తామని షరతు ఉంటే, 10 చిల్లర తవ్వి 6కి డబ్బు తీసుకుంటావు. పైగా తవ్విన మట్టి పొంగుతుంది. పొంగు 25 శాతం అనుకుంటే గట్టు మీద పోసుకునే వదులు మట్టి సుమారు 12.7 క్యూబిక్ మీటర్లు. దానికి చోటుందా? ఎంత తిరిగి పూడ్చడానికి పోతుంది, ఎంత లారీ ఎక్కుతుంది? లారీ ట్రిప్పులు వదులు మట్టి మీదే లెక్కవేయాలి. ఈ ఖర్చంతా ఆ 6 క్యూబిక్ మీటర్ల రేటులోకి వచ్చేలా చూడు.

గోడల కింద పునాదికి సెంటర్ లైన్ పద్ధతి, అంటే గోడల మధ్యగీత పొడవు పట్టి కొలిచేది, వాడతావు కదా. మూలల దగ్గర ఏమీ తీసెయ్యక్కర్లేదు. ఒక గోడ ఇంకో గోడకు మధ్యలో వచ్చి కలిసేచోట మాత్రం సగం వెడల్పు తగ్గించాలి. వెడల్పు పునాది ప్రతి మెట్టులోనూ మారుతుంది కాబట్టి తగ్గింపు కూడా మారుతుంది. బీముల కాంక్రీటు స్లాబు అడుగునుంచి కొలువు, లేకపోతే స్లాబు మందం రెండుసార్లు పడుతుంది.

సాఫ్ట్‌వేర్ వాడు, నేను వద్దనను. అయితే ప్రతి కొలత పక్కన అది ఏ డ్రాయింగ్, ఎన్నో సవరణ, డ్రాయింగ్‌లోని ఏ గ్రిడ్ గీతల మధ్య అని రాసుకో. సవరించిన డ్రాయింగ్ ఆఖరి వారంలో వచ్చినప్పుడు మొత్తం మళ్ళీ కొలవకుండా మారినచోటే సరిచేసుకోగలవు.

క్వాంటిటీలు తేలాక, ఒకదానితో ఒకటి సరిపోల్చు. 125 మిల్లీమీటర్ల స్లాబు అయితే ఒక క్యూబిక్ మీటర్ కాంక్రీటుకి అడుగు సెంట్రింగ్ 8 చదరపు మీటర్లు రావాలి. 230 మిల్లీమీటర్ల గోడకి రెండువైపులా ప్లాస్టరింగ్ ఉంటే, ఒక క్యూబిక్ మీటర్ గోడకి దాదాపు 8.7 చదరపు మీటర్లు. మామూలు స్లాబుల్లో స్టీలు క్యూబిక్ మీటరుకి సుమారు 80 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. నీకు 40 వచ్చిందంటే ఏదో పొర చువ్వలు వదిలేశావు. చువ్వ బరువుకు సూత్రం నీకు తెలిసిందే, మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. ఈ పరీక్షలకు గంట కూడా పట్టదు, దయచేసి వదలకు.

ఇక రేట్లు. పాత టెండర్ రేటు తీసి నాలుగైదు శాతం పెంచి రాసెయ్యడం చాలాచోట్ల అలవాటు. నువ్వు మాత్రం ముఖ్యమైన ఐటమ్‌లకి రేటు మొదటినుంచి కట్టు. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4గా కలిపే ఒక క్యూబిక్ మీటర్ కాంక్రీటుకి, నీళ్ళు కలపకముందు సామాను పొడి పరిమాణం 1.54గా తీసుకుని మొత్తం పాళ్ళు 7తో భాగిస్తే సిమెంటు 0.22 క్యూబిక్ మీటర్. క్యూబిక్ మీటరుకి 1440 కిలోల చొప్పున సుమారు 317 కిలోలు, అంటే 6.3 బస్తాలు. సామాను లెక్క ఇలా పుస్తకం ప్రకారం వచ్చేస్తుంది. రేటును నిజంగా మార్చేది పని జరిగే తీరు. కాంక్రీటు ఎంత ఎత్తుకి ఎక్కాలి, పంపు నిలబడే చోటుందా, గోడలు పొడవుగా ఉన్నాయా ముక్కలు ముక్కలుగా ఉన్నాయా. ఇవి తెలిసినవాడు మేస్త్రీ. వెళ్ళి అడుగు. "మేస్త్రీగారూ, ఈ గోడకి రోజుకి ఎంత పని వస్తుంది?" అని డ్రాయింగ్ ముందు పెట్టి అడిగితే, ఏ పట్టికలోనూ దొరకని సంగతులు చెబుతారు.

సెంట్రింగ్ రేటు మొత్తం ప్లైవుడ్ ఎన్నిసార్లు వాడగలవన్న దానిమీదే నిలబడుతుంది. 8 సార్లు అని రాస్తే సరిపోదు, ఏ పని ఎప్పుడన్న ప్రోగ్రామ్ ఒప్పుకోవాలి. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456లో, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబుకి మామూలు సిమెంటుతో 14 రోజుల దాకా దన్నులు తియ్యకూడదని ఉంది. పది రోజులకో అంతస్తు వెయ్యాలంటే రెండో సెట్టు దన్నులు కొనాల్సిందే. ప్లానింగ్ చూసేవాళ్ళతో కూర్చోకుండా ఈ రేటు వెయ్యకు.

సైట్ ఆఫీసు, కాపలా, ఇంజనీర్ల జీతాలు, క్రేన్ అద్దె, ఇవన్నీ నెలలతో పెరిగే ఖర్చులు. వీటికి గుడ్డిగా శాతం వెయ్యకుండా నెలకి ఎంతో రాసి, ఎన్ని నెలలో గుణించు. బిల్లు ఎన్ని రోజులకి చేతికొస్తుంది, అందులోంచి ఎంత రిటెన్షన్, అంటే హామీగా ఆపే సొమ్ము, పట్టుకుంటారు, అప్పటిదాకా అప్పు మీద వడ్డీ ఎంత అన్నది కూడా ఖర్చే. లాభం దగ్గర ఒక మాట. ఖర్చు 100 అయి, టెండర్ ధరలో పదో వంతు మిగలాలంటే 110 రాస్తే చాలదు. 100ని 0.9తో భాగించాలి, 111.11 వస్తుంది. పెద్ద పనుల్లో ఆ 1.11 చిన్న మొత్తం కాదు.

సైట్ చూడకుండా మాత్రం ధర ఖాయం చెయ్యకు. దారి వెడల్పు, కరెంటు, నీళ్ళు, తలమీద తీగలు, భూగర్భజలం ఎంత లోతులో ఉంది, అన్నీ కళ్ళతో చూసి ఫొటోలు తీసుకో. డ్రాయింగ్‌కీ స్పెసిఫికేషన్‌కీ పొత్తు కుదరనిచోట నీకు నువ్వే అర్థం చెప్పుకోకుండా ప్రీబిడ్ గడువులోపు, అంటే టెండర్ వేసే ముందు సందేహాలు అడగడానికి ఇచ్చిన గడువులోపు, రాతపూర్వకంగా అడుగు. వచ్చిన జవాబు టెండర్‌లో భాగమవుతుంది.

ఆఖరి రోజు పైవాళ్ళు కూర్చుని "ఇంకో మూడు శాతం తగ్గించండి" అంటారు. తగ్గించే అధికారం వాళ్ళదే. కానీ ఆ తగ్గింపు ఎక్కడినుంచి వస్తుందో నువ్వు మర్యాదగా అడుగు. సప్లయర్ కొత్త కొటేషన్ ఇచ్చాడా, లాభంలోంచి వదులుకుంటున్నారా? ఏది అన్నా సరే, అదే మాట షీటులో రాసి పెట్టు. క్వాంటిటీలను, కూలీ లెక్కలను మాత్రం ముట్టనివ్వకు, అవి కోరితే తగ్గేవి కావు. మొదట్లో చేసే ఐటమ్‌లకి రేటు ఎక్కించి చివరివాటికి తగ్గించే పద్ధతి కూడా నీకు ఎవరో నేర్పబోతారు. అసమతుల్య రేట్లున్న టెండర్‌ను తిరస్కరించే హక్కు చాలా పత్రాల్లో యజమానికి ఉంటుంది, క్వాంటిటీ మారితే దెబ్బ నీకే తగులుతుంది. వేరే కంపెనీవాళ్ళు ఫోన్ చేసి మీ రేటెంత అని ఆరా తీస్తే, ఒక్క ముక్క కూడా చెప్పకు, వాళ్ళది వినకు.

దాఖలు చేసే ముందు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రేట్లు ఒకటేనా చూడు. ప్రపంచ బ్యాంకు నమూనా పత్రాల్లో రెంటికీ తేడా ఉంటే అక్షరాల్లో రాసిందే చెల్లుతుంది, యూనిట్ రేటుకీ మొత్తానికీ తేడా ఉంటే యూనిట్ రేటే నిలుస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే ఒక రోజు ముందే అప్‌లోడ్ చేసెయ్.

టెండర్ వచ్చినా రాకపోయినా నీ లెక్కల ఫైలు భద్రంగా ఉంచు. వస్తే, పని నడుస్తుండగా నెలకోసారి సైట్‌కి వెళ్ళి నువ్వు వేసిన కూలీ లెక్కకీ జరిగినదానికీ తేడా రాసుకో. ముందు పునాదుల కొలతల షీటు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న