ఒక్కరే ఆడుకునే ఆట కొనే ముందు బల్ల కొలుచుకోండి

“ఇంతవరకూ బోర్డు ఆటలు ఆడలేదు, ఇంట్లో తోడుగా ఆడేవారు లేరు, మొదటగా ఏది కొనుక్కోవాలి?” అని మీరు అడిగారు. పేరు చెప్పే ముందు నేను రెండు కొలతలు అడుగుతాను. మీ గదిలో రోజూ ఖాళీగా ఉండే బల్ల ఎంత? రాత్రి భోజనం అయ్యాక మీలో మిగిలే ఓపిక ఎంత? ఈ రెండూ చూసుకోకుండా కొన్న పెట్టె అటకెక్కుతుంది. నాది ఎక్కింది.

నేను బ్యాంకు ఉద్యోగిని. మా అమ్మాయి ఇంటర్మీడియట్ చదువు మధ్యలో ఉండగా నాకు పలాస బదిలీ అయింది. కుటుంబాన్ని విజయవాడలోనే ఉంచి, నేను ఒక్కడినే వెళ్లి, ఒక డాబా ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. పగలంతా కంప్యూటరు తెర చూసిన కళ్లతో రాత్రి మళ్లీ ఫోను తెర చూడబుద్ధి కాక, చేత్తో ముట్టుకుని ఆడే ఆట ఏదైనా ఉంటే బాగుండుననిపించి, నెల రోజులు వీడియోలు చూసి, అందరూ మెచ్చుకున్న ఒక పెద్ద ఆటను నా తాహతుకు మించిన ధర పెట్టి తెప్పించుకున్నాను. తప్పు దానిది కాదు కనుక పేరు చెప్పను. ఆ వీడియోల్లో ముక్కలన్నీ ముచ్చటగా పరిచి ఉన్న బల్లను చూపిస్తారు గానీ, అది ఆరుగురు కూర్చుని భోంచేసే బల్ల అని ఎవరూ చెప్పరు. నా గదిలో ఉన్నది ఒక ప్లాస్టిక్ స్టూలు, ఒక మడత మంచం. నిబంధనల పుస్తకాన్ని రెండు రాత్రులు చదివి, మూడో రాత్రి ఆ ఆటను మంచం మీద పరిచేసరికి గంటంపావు పట్టింది. మొదటి వంతు ఆడేలోపు పదకొండయింది. ఆటను కదిలిస్తే పడిన శ్రమంతా పోతుందని నేను నేలమీద చాప వేసుకుని పడుకున్నాను. నాలుగో రోజు ఉదయం ఫ్యాను గాలికి కార్డులు చెదిరిపోయి, రెండు చెక్క ముక్కలు బీరువా కిందికి దొర్లిపోయాయి. ఆ సాయంత్రమే అన్నీ పెట్టెలో సర్ది అటక మీద పెట్టాను.

కొత్తవారు ఆట అందాన్ని, లోతును, ఎవరెన్ని మార్కులు వేశారన్నదాన్ని చూస్తారు. నేనైతే మొదట చూడవలసింది పరచడానికి పట్టే సమయం అంటాను. నలుగురు ఆడేచోట ఒకరు కార్డులు కలుపుతుంటే ఇంకొకరు డబ్బాలు తెరుస్తారు, మూడోవారు టీ పెడతారు. ఒక్కరే ఆడేచోట పరిచేదీ మీరే, ఆడేదీ మీరే, ఎత్తేదీ మీరే. పరచడానికి ఐదు నిమిషాలు దాటే ఆటను మొదటి ఆటగా కొనకండి. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో నా అటకే చెబుతుంది.

నాకు కుదిరిన ఆట ఫ్రైడే. ఫ్రీడెమాన్ ఫ్రీజె అనే జర్మన్ రూపకర్త 2011లో తెచ్చిన ఈ ఆట ఒక్కరి కోసమే తయారైంది. ఇద్దరు కూర్చుని ఆడడానికి అందులో దారే లేదు. పాత ఇంగ్లీషు నవలలో దీవిలో చిక్కుకున్న రాబిన్సన్ క్రూసోకు సాయపడే ఫ్రైడే పాత్ర మనది. మొదట రాబిన్సన్ చేతిలో ఉన్నవన్నీ దాదాపు పనికిరాని కార్డులు. ఒక్కో ఆపద కార్డును ఎదుర్కొని గెలిస్తే ఆ కార్డే తిరగబడి అతని నేర్పుగా మారి మన కట్టలోకి వస్తుంది. ఓడిపోతే ప్రాణానికి గుర్తుగా ఉండే ఆకులు పోతాయి; అయితే పోయిన ఆకుల లెక్కన మన కట్టలోని చెత్త కార్డులను పారేయవచ్చు. అంటే మొదట్లో కొన్ని పోరాటాలు కావాలని ఓడిపోవడమే తెలివైన పని. ఈ సంగతి నాకు ఆరో ఆటలోగానీ బోధపడలేదు. ఆపదల కట్ట మూడుసార్లు తిరిగేసరికి, ప్రతిసారీ కఠినమవుతూ, చివర ఇద్దరు సముద్రపు దొంగలు మిగులుతారు. ఇదంతా అరగంటలోపు అయిపోతుంది, స్టూలు మీద పడుతుంది.

ఆ ఇంటివారి తల్లిగారు, ఎనభై దగ్గర పడిన మామ్మగారు, ఒక రాత్రి నీళ్ల మోటారు సంగతి చెప్పడానికి మెట్లెక్కి వచ్చి, నా ముందు కార్డులు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. అద్దెకున్న బ్యాంకు మనిషి గదిలో పేకాట ఆడుతున్నాడనే అనుకున్నారు.

“ఏటి బాబూ, ఒక్కరే ఏటాడతన్నారు?”

డబ్బుతో ఆడే ఆట కాదని, ఒక్కరే ఆడుకునేదని, ఇప్పుడే ఓడిపోయానని చెప్పాను.

“ఓడిపోనారా? మరి గెలిచినోడేడి?”

ఈ ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర సమాధానం లేదు. మర్నాడు నుంచి ఆవిడ జీడిపప్పు గిన్నెతో వచ్చి కుర్చీలో కూర్చుని చూడడం మొదలుపెట్టారు. పలాసలో ఇంటింటా అది ఉండేదే గనుక వద్దనడానికి వీల్లేదు. కార్డు మీది అంకెలు చదవడం ఆవిడకు రాదు. ఆకుల లెక్క మాత్రం రెండు మూడు రోజుల్లోనే పట్టేశారు. ఆపదకు ఉచితంగా ఇచ్చిన కార్డులు అయిపోయాక ఇంకొకటి తీయాలంటే ఒక ఆకు చెల్లించాలి. నేను ఒక రాత్రి ఓటమి అంచున ఉండి, తర్వాతి కార్డు కొస ఎత్తి చూసి, బాగా లేదని మళ్లీ కట్ట మీదే పెట్టేశాను. “బాబూ, ఆకు తియ్యనేదు” అన్నారావిడ, గిన్నెలోంచి తల ఎత్తకుండానే. సిగ్గుపడి ఆకు తీశాను. ఆట పోయింది.

దీనివల్ల తెలిసింది చెబుతాను. ఒంటరిగా ఆడేవారు అందరూ ఎప్పుడో ఒకప్పుడు దొంగాట ఆడతారు. ఆడలేదన్నవారి మాట నేను నమ్మను. కాబట్టి ఒక్కో పనికి ఒక్కో వస్తువు చేతితో తీసి పక్కన పెట్టవలసి వచ్చే ఆటను ఎంచుకోండి. లెక్కంతా మనసులో ఉంచుకోవలసిన ఆటలో చేయి తెలియకుండానే జారుతుంది. నిబంధనలు రెండో ఆటకల్లా పుస్తకం చూడకుండా గుర్తుండాలి. లేకపోతే మీరు తప్పు ఆడుతున్నారని చెప్పేవారు ఎదురుగా ఉండరు. ఆ పుస్తకాల్లో అక్షరాలను చీమతలకాయలంత పెట్టడం ఏమి న్యాయమో, నలభై ఐదు దాటినవాడు కళ్లజోడు పైన భూతద్దం పట్టుకోవలసి వస్తోంది.

ఇవన్నీ ఎందుకు, చిన్నప్పటి బ్రెయిన్‌వీటా చాలదా అని మా సహోద్యోగి అన్నాడు. 33 గుంటలు, 32 గోలీలు, ఒకదాని మీదుగా ఒకటి దూకించి చివరికి నడిమి గుంటలో ఒక్కటే మిగల్చడం. దూకుడుకు ఒక గోలీ పోతుంది కనుక సరిగ్గా 31 దూకుళ్లు. గణితవేత్త లైబ్నిట్జ్ ఈ తరహా ఆటను తిరగేసి, ఖాళీ పలకను నింపుకుంటూ ఆడడానికి ఇష్టపడేవాడు. ధర తక్కువ, పరచడం నిమిషం. కానీ ఒకసారి దారి తెలిశాక ఆ పలక మీకు కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు, లైబ్నిట్జ్ అయితే తప్ప. కార్డులు కలపడమో, పాచికలు వేయడమో ఉన్న ఆట రేపు ఇవాళ్టిలా ఉండదు. ఆఫీసు కంప్యూటరులోని సాలిటేర్ అనే ఒంటరి పేకాటను, అదీ 1990లో విండోస్ 3.0తో వచ్చినది, ఇన్నేళ్లు మనవాళ్లు ఫైళ్ల చాటున ఆడుతూ వచ్చారంటే కారణం ఆ కలపడమే. మామూలు పేక ఒక కట్ట కొనుక్కుని దాన్నే నిజం కార్డులతో వారం రోజులు ఆడి చూడండి. అది విసుగనిపిస్తే మిగతా డబ్బు పెట్టకముందే మీ సంగతి మీకు తెలుస్తుంది.

ఒనిరిమ్ అనే చిన్న కార్డుల ఆట కూడా మంచిదే. ఒకే రంగువి మూడు కార్డులు, పక్కపక్కన ఒకే గుర్తు రాకుండా వరసగా వేస్తే ఒక తలుపు తెరుచుకుంటుంది. అలా ఎనిమిది తలుపులు తెరవాలి. కార్డులు మాటిమాటికీ కలపవలసి రావడం ఒక్కటే దానితో చిక్కు, చేతులు నొప్పి పెడతాయి. పాండెమిక్ వంటి అందరూ కలిసి గెలిచే ఆటలను ఒక్కరే రెండు పాత్రలు పట్టుకుని ఆడవచ్చునంటారు. నిజమే గానీ మొదటి నెలలో వద్దు. వింగ్‌స్పాన్ అనే ఆటలో 170 పక్షుల కార్డులు చూడముచ్చటగా ఉంటాయి. దాన్ని ఒంటరిగా ఆడేటప్పుడు ఆటోమా అనే కల్పిత ప్రత్యర్థి తరఫున కూడా మీరే కార్డు తిప్పి, మీరే మార్కులు వేయాలి. పగలంతా ఇతరుల ఖాతాలు రాసిన నాకు రాత్రిపూట లేనివాడి ఖాతా కూడా రాయడం రుచించలేదు. మీ ఉద్యోగం వేరైతే మీకు నచ్చవచ్చు.

ఫ్రైడేలో నాలుగు స్థాయులున్నాయి. నాలుగోదానిలో నేను ఇంకా గెలవలేదు. విజయవాడ తిరిగి వచ్చాక కూడా మామ్మగారు ఫోను చేస్తే యోగక్షేమాలు అడిగే ముందు “దొంగలు పడిపోనారా?” అనే అడుగుతారు. మీ బల్ల పొడవు, వెడల్పు రాయండి, రెండో ఆట పేరు అప్పుడు చెబుతాను. మొదటిది మాత్రం ఫ్రైడే కొనుక్కోండి, లేదా పేక కట్ట.