ఆ పాప ఏడుపు వినపడదమ్మా

అమ్మాయీ,

నీ కథ రాత్రి మొదలుపెట్టి నాలుగో పేజీ దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. కోపం వచ్చింది. పొద్దున్నే మళ్లీ తీసి చివరిదాకా చదివాను. "వెంటిలేటర్ మీదున్న పసికందు గుక్కపట్టి ఏడ్చింది. ఆ కేకకు వార్డంతా ఉలిక్కిపడింది" అని రాశావు చూడు, కోపం అక్కడే.

ఆ పాప ఏడుపు ఎవరికీ వినపడదమ్మా. వెంటిలేటర్ గొట్టం నోట్లోంచి స్వరతంతువుల మధ్యగా శ్వాసనాళంలోకి దిగుతుంది. ఊపిరంతా ఆ గొట్టంలోంచే వచ్చిపోతుంది, ఇక గొంతు ఎలా పలుకుతుంది? నుదురు ముడతలు పడుతుంది, ముఖం కందిపోతుంది, గడ్డం వణుకుతుంది. శబ్దం ఉండదు. బిడ్డ ఏడుస్తోందని కళ్లతో చూసి తెలుసుకోవాల్సిన తల్లి నీ కథలో ఉంది. ఆమెను వదిలేసి కేక రాశావు.

శరీరం గురించి రాసేటప్పుడు ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలి, పోలికలు ఆ తర్వాతే అని నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నాను. నీ కథలో పాప ఒకచోట రాలుతున్న మొగ్గ, ఒకచోట ఆరిపోతున్న దీపం, ఇంకోచోట గూడు చెదిరిన పిట్ట. అసలు కథంతా ఊపిరితిత్తి గురించి కదా, అది ఒక్కసారే వచ్చింది. అదీ "కుప్పకూలింది" అని. వంతెనలు కుప్పకూలుతాయి, ప్రభుత్వాలు కుప్పకూలుతాయి. టీవీ వాళ్ల మాట అది, కథలోకి తేకు.

ఇలాంటి పిల్లల్లో ఊపిరితిత్తి ముడుచుకుపోవడం ముఖ్యంగా రెండు రకాలుగా జరుగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టంట్ అనే సబ్బులాంటి జారుడు పదార్థం చాలినంత ఉండదు. అది లేకపోతే లోపలి గాలి గదులు ఊపిరి వదిలిన ప్రతిసారీ మూసుకుపోతాయి. మళ్లీ తెరవడానికి ఆ చిన్న ఛాతీ పక్కటెముకలు లోపలికి పీక్కుపోయేంత కష్టపడుతుంది, గొట్టం ఇంకా వేయకపోతే బిడ్డ మూలుగుతుంది. రెండో రకంలో ఏదో ఒక గది చిట్లి, గాలి ఊపిరితిత్తి బయటికొచ్చి ఛాతీ గోడకూ దానికీ మధ్య చేరుతుంది. దాన్ని న్యూమోథొరాక్స్ అంటారు. బయట చేరిన గాలి ఊపిరితిత్తిని నొక్కేస్తుంది, ఎక్కువైతే గుండెను కూడా పక్కకు నెడుతుంది. బతకడానికి గాలి కావాలి, నొక్కుతున్నదీ గాలే. ఒక్కోసారి ఊపిరి నిలబెట్టడానికి మెషీన్ ఇచ్చే ఒత్తిడికే గది చిట్లుతుంది. ఇంత ఉంటే నీకు మొగ్గలూ దీపాలూ ఎందుకు?

ఇంకో తప్పు. నాయనమ్మ తన తొలిచూలు బిడ్డ గురించి చెప్పేచోట 1974లో డాక్టరు సర్ఫాక్టంట్ మందు వేశాడని రాశావు. అప్పటికది లేదు. లోపం సర్ఫాక్టంట్‌దే అని అమెరికా శాస్త్రవేత్తలు మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ 1959లోనే కనిపెట్టారు. అయినా 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఐదున్నర వారాలు ముందుగా పుట్టి ఇదే జబ్బుతో 39 గంటలకే పోయాడు. జపాన్‌లో ఫుజివారా బృందం పదిమంది పిల్లలకు ఆ మందు ఇచ్చి ఫలితం ప్రచురించింది 1980లో. కారణం తెలిసి మందు లేని కాలం అది. ఆ నాయనమ్మ దుఃఖం ఆ కాలంలోనే ఉంది. నువ్వు మందు వేసి ఆ దుఃఖాన్ని చెరిపేశావు.

ఛాతీలో గాలి చేరే సంగతి మాత్రం నేను చదివి తెలుసుకున్నది కాదు. మా అమ్మాయికి రెండో కాన్పు 29 వారాలకే అయింది. మూడో రాత్రి అద్దం అవతల నిలబడి ఉన్నాను. లోపల ఉన్నట్టుండి లైట్లు ఆర్పేశారు. కరెంటు పోయిందనుకున్నాను. ఆ చీకట్లో చిన్న దీపం ఒకటి బాబు ఛాతీకి ఆనించారు. ఒక పక్క మొత్తం లాంతరులా ఎర్రగా వెలిగింది. గాలి చేరిన వైపు అలా వెలుగుతుందని తర్వాత చెప్పారు. ముందు సూదితో ఆ గాలి లాగారు, తర్వాత గొట్టం వేసి నీళ్ల సీసాకు కలిపారు. సీసాలో బుడగలు వచ్చేవి. రెండు రోజులు వాటినే చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు బుడగలు ఆగిపోయాయి. నా కాళ్లు చల్లబడ్డాయి, పరుగెత్తి నర్సును పిలిచాను. ఆమె గొట్టం ఎక్కడా మూసుకోలేదని చూసి, "ఆగాలనే కదమ్మా మేం చూస్తోంది, చిల్లు పూడింది" అంది.

ఆ సీసా మీద ఒక పేజీ రాసి కథ పంపాను. అప్పటి సంపాదకుడు ఆ పేజీ తీసేసి, "ఆశాదీపం రెపరెపలాడింది" అని సొంత వాక్యం వేసి అచ్చేశాడు. నా పేరు మీద. ఇన్నేళ్లయినా ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఇప్పుడు ఇంకో రోగం పట్టింది, చివరి వాక్యంలో మెలిక ఉంటేనే బహుమతులు. నువ్వు కూడా తల్లి స్పర్శతో పాప చటుక్కున కోలుకున్నట్టు ముగించావు. ఆ పోటీల కోసమే కదూ?

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు నాలుగో పేజీ మార్చు. రాత్రి డ్యూటీ నర్సును కథలోకి తీసుకురా. మానిటర్ మోగకముందే, ఒక పక్క ఛాతీ సరిగ్గా లేవడం లేదని గమనించేది చాలాసార్లు ఆమే.

తల్లి పాలు పిండి చిన్న సీసాలో పోసి, పాపకు ఇంకా పేరు పెట్టలేదు కాబట్టి మూత మీద తన పేరే రాసుకుంటుంది కదా, ఆ వాక్యం జోలికి పోకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటిదాన్ని